వేగుచుక్కతో ఎనిమిదేళ్ళు



ఎవరి స్మృతిలో మనమిక్కడ కూడామో ఆయనను ఈ గూడూరు మండలం ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు. పెద్దసారు అనే పిలిచింది. నేనూ అట్లాగే పిలుస్తాను. ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకొమ్మని నిర్వాహకులు అన్నప్పుడు, చిన్నపిల్లల బడిలో జీవితమంతా గడిపిన మనిషి స్మృతికి చిన్నపిల్లల బడిలోనే విషయం వెతకాలనిపించింది. ఆరేళ్ళ బిడ్డకు మన పొరుగు గ్రహాన్ని ఎట్లా పరిచయం చేయాలి? ఈ సాయంత్రం నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న ఇదే. చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. దీని వెనక కనీసం మూడున్నర వేల ఏళ్ళ మానవ శ్రమ ఉంది, మన తెలుగు నేల మీద నూట ఎనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

భూమికి ఇరుపక్కలా రెండు పొరుగు గ్రహాలున్నాయి. అవతలి వైపు అంగారకుడు, సూర్యుడి వైపు శుక్రుడు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరినప్పటి నుంచి మన పిల్లలకు అంగారకుడి పేరు బాగా తెలిసింది. అందుకు సంతోషించాలి. అయినా పసివాళ్ళకు మొదటి పరిచయానికి నేను శుక్రుడినే కోరుకుంటాను. అంగారకుడు దాదాపు ఇరవై ఆరు నెలలకొకసారి మాత్రమే మనకు దగ్గరై మెరుస్తాడు. మిగతా కాలమంతా వందల చుక్కల నడుమ ఒక ఎర్రని చుక్క. పెద్దవాళ్ళకే వెతకడం కష్టం. శుక్రుడు అట్లా కాదు. సూర్యచంద్రుల తరవాత ఆకాశంలో అంత వెలుగున్నది మరొకటి లేదు. వేలు పెట్టి చూపితే నాలుగేళ్ళ పిల్ల కూడా తడబడకుండా పట్టుకుంటుంది. దగ్గరికి వచ్చినప్పుడు సుమారు నాలుగు కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వస్తాడు. మరే గ్రహమూ మనకు అంత దగ్గరికి రాదు. అన్నిటినీ మించి, ఈ ఊళ్ళ ముసలివాళ్ళకు శుక్రుడు పరిచయస్తుడు. వేగుచుక్క పొడిచినంక లేచి ఎడ్లను తోలుకొని మోటకు పోయినవాళ్ళు, కల్లం దగ్గర కావలి పడుకొని వేగుచుక్కను చూసి తెల్లవారుతున్నదని తెలుసుకున్నవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు.

నా ప్రతిపాదన ఒక్కటే. బిడ్డకు శుక్రుడిని ఒక పాఠంగా చెప్పి ముగించకూడదు. ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి ఎనిమిదో తరగతి ముగిసేదాకా శుక్రుడిని చూస్తూ పెరగనివ్వాలి. ఎనిమిదేళ్ళు అని ఊరికే అనడం లేదు. భూమి సూర్యుడి చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగేలోపు శుక్రుడు పదమూడుసార్లు తిరుగుతాడు. ఆ మధ్యలో ఐదుసార్లు మనల్ని దాటుకొని ముందుకు పోతాడు. ఒక్కొక్క దాటుకూ మధ్య సుమారు 584 రోజులు. ఐదు 584లు 2920. ఎనిమిదేళ్ళకు రోజులు 2922. అంటే ఎనిమిదేళ్ళు గడిచాక, రెండు రోజుల తేడాతో, శుక్రుడు ఆకాశంలో అదే చోటికి, అదే రుతువులో, అదే నక్షత్రాల మధ్యకు తిరిగి వస్తాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా చదువును ప్రతి బిడ్డకూ హక్కు చేసింది. అవీ ఎనిమిదేళ్ళే. చట్టం రాసినవాళ్ళ మనసులో శుక్రుడు లేడు, ఆ మాట నాకు తెలుసు. అయినా ఈ రెండు కాలాలు ఒకదానికొకటి ఇంత చక్కగా సరిపోయినప్పుడు దాన్ని వాడుకోకపోతే నష్టపోయేది మన పిల్లలు.

ఈ ఎనిమిదేళ్ళ లయను కనిపెట్టినవాళ్ళ దగ్గర యంత్రాలు లేవు. బాబిలోనియాలో అమ్మిసదుక అనే రాజు కాలంలో, ఈనాటికి మూడున్నర వేల ఏళ్ళకు పైనే, శుక్రుడు ఎప్పుడు కనబడ్డాడో ఎప్పుడు మరుగయ్యాడో ఇరవై ఒక్క సంవత్సరాల పాటు ఎవరో రాసిపెట్టారు. తరవాతి తరాలవాళ్ళు మట్టి పలకల మీద చేసిన నకళ్ళు నినెవే శిథిలాల్లో దొరికాయి. భూగోళానికి అవతలి పక్కన మాయా జాతివాళ్ళు, ఈ బాబిలోనియా ఊసే తెలియకుండా, తమ పుస్తకంలో శుక్రుడికి 584 రోజుల పట్టిక వేసుకున్నారు. ఐదు పట్టికలు తమ ఎనిమిది సంవత్సరాలకు సమానమని గుర్తించారు. మన దేశంలో ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో శుక్రుడి ఉదయాస్తమయాల గణితాన్ని చేర్చాడు. సూర్యసిద్ధాంతం ఇంకా నిశితంగా చెప్పింది. సూర్యుడికి పది అంశల, అంటే డిగ్రీల, లోపుకి వస్తే శుక్రుడు కంటికి కనబడడని, వెనక్కి నడుస్తున్నట్టు కనబడే వక్రగతిలో ఉన్నప్పుడు మాత్రం ఎనిమిది అంశల దాకా కనబడతాడని లెక్క కట్టింది. వక్రగతిలో ఉన్నప్పుడు ఆయన మనకు దగ్గరగా, పెద్దగా ఉంటాడు. అందుకే ఆ రెండు అంశల తేడా. ఇది కళ్ళతో చూసి నేర్చిన జ్ఞానం. పుట్టినచోట్లు వేరు, భాషలు వేరు, దేవతలు వేరు. చేసిన పని మాత్రం ఒక్కటే: కనబడిన రోజూ కనబడని రోజూ గుర్తుపెట్టుకోవడం, ఆ గుర్తును తరవాతివాళ్ళకు అప్పగించడం.

ఆ అప్పగింత మన ఇళ్ళల్లో ఈనాటికీ ఒక రూపంలో బతికే ఉంది. శుక్రమూఢం వచ్చింది, పెళ్ళి ముహూర్తాలు లేవు అని పంతులు చెప్పగానే మనం పెళ్ళి వాయిదా వేసుకుంటాం. మూఢం అంటే శుక్రుడు సూర్యుడి కాంతిలో మునిగి కనబడకపోవడమే. ఒక్కోసారి అది నెలన్నర, రెండు నెలలు సాగుతుంది. అప్పుడు శుక్రుడు సూర్యుడికి అవతలి పక్కన ఉంటాడు. ఒక్కోసారి వారం పది రోజుల్లోనే ముగుస్తుంది. అప్పుడు మనకూ సూర్యుడికీ నడుమ నుంచి దాటుతుంటాడు. ఈ తేడాను పంచాంగం వందల ఏళ్ళుగా అచ్చు తప్పకుండా చెబుతున్నది. మూఢంలో పెళ్ళి చేస్తే కీడు జరుగుతుందా అని బిడ్డ అడిగితే, జరగదని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఆకాశంలో ఒక గ్రహం సూర్యుడి వెలుగులో మరుగైనంత మాత్రాన భూమి మీద ఒక జంటకు ఏమీ కాదు. అయితే ఆ మాట చెప్పి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. మీ అక్క పెళ్ళి ఎందుకు ఆగిందో ఆ కారణాన్ని ఆకాశంలో చూద్దాం పద అని పిలిచి, పది రోజుల తరవాత తెల్లవారుజామున తూర్పున మళ్ళీ పొడిచిన చుక్కను చూపినప్పుడే ఆ బిడ్డకు భయం తొలగుతుంది. భయం పోయిన చోట కుతూహలం నిలబడుతుంది.

ఈ ప్రాంతానికి మరొక కొలబద్ద ఉంది. మేడారం జాతర రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమికి జరుగుతుంది. ఎనిమిదేళ్ళలో సాధారణంగా మూడు అధికమాసాలు వచ్చి, మొత్తం 99 చాంద్రమాసాలవుతాయి. కనుక ఎనిమిదేళ్ళ నాటి జాతరకు చంద్రుడూ శుక్రుడూ ఇద్దరూ కాస్త అటూ ఇటూగా పాత స్థానాలకు వస్తారు. 2016 జాతరకు పోయినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. అప్పుడు శుక్రుడు తెల్లవారుజామున తూర్పున కిందుగా ఉన్నాడు. 2018లో సూర్యుడి వెనక మరుగున ఉన్నాడు. 2020లో పొద్దుగూకాక పడమట దేదీప్యమానంగా వెలిగాడు. 2022లో వేకువజామున తూర్పున మహా ప్రకాశంతో నిలిచాడు. 2024లో సరిగ్గా 2016లో ఉన్నట్టే ఉన్నాడు, 2026లో 2018లో లాగే మరుగయ్యాడు. 2028 జాతరకు పడమటి ఆకాశంలో ఎక్కడ వెతకాలో ఇప్పుడు ఈ సభలో ఉన్న ఏ పిల్లవాడైనా చెప్పగలడు. జోస్యం అవసరం లేకుండా రాబోయేది చెప్పగలగడం విజ్ఞానశాస్త్రం ఇచ్చే మొదటి శక్తి. తాతతో ట్రాక్టరెక్కి, బస్సెక్కి సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే పిల్లకు ఆ శక్తిని జాతర దారిలోనే చేతికివ్వవచ్చు.

ఇక తెలుగు నేల మీది చరిత్రకు వస్తాను. విశాఖపట్నంలో గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకొని, 1840 ప్రాంతంలో తన సొంత తోటలో వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకొని ఆ వేధశాలను చేతిలోకి తీసుకున్నాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా నడిచినప్పుడు, ఆ దృశ్యాన్ని విశాఖపట్నం నుంచి పరిశీలించి లండన్ ఖగోళ సంఘానికి నివేదించినవాడు ఆయనే. ప్రపంచమంతా ఆ రోజు కోసం ఎదురుచూసింది. భూమి మీద దూరదూరంగా ఉన్న చోట్ల నుంచి ఆ నడకను కొలిస్తే సూర్యుడికీ మనకూ ఎంత దూరమో తేలుతుందని అంతకు ముందు శతాబ్దంలోనే హేలీ చూపించాడు. ఆ మహా కొలతలో ఒక తెలుగువాడి కన్ను కూడా ఉంది.

అంతకు ఆరేళ్ళ ముందు, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా పోయింది. ఆ రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూశాడు. హీలియం అనే మూలకం చరిత్ర ఆ పరిశీలనతో మొదలవుతుంది. అదే గ్రహణాన్ని చూడటానికి మద్రాసు వేధశాల నుంచి చింతామణి రఘునాథాచారి మన వనపర్తికి వచ్చాడు. నాకు ఈయన మీద ప్రత్యేకమైన గౌరవం. నరసింగరావు లాంటివారు చూసినదంతా పెద్దల పత్రికలకు చేరింది. రఘునాథాచారి మాత్రం 1874 శుక్రుడి నడక గురించి సామాన్యులకు ముందుగానే చెప్పాలనుకొని ఇంగ్లీషులోనూ దేశభాషల్లోనూ చిన్న పుస్తకం తెచ్చాడు. దానిని ఒక సిద్ధాంతితో సంభాషణగా రాశాడు. పాత లెక్క తెలిసిన మనిషి అడుగుతుంటే, కొత్త లెక్క తెలిసిన మనిషి జవాబు చెబుతాడు. సిద్ధాంతిని ఆయన పక్కకు తోసెయ్యలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు. నూట యాభై ఏళ్ళ తరవాత కూడా మన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడికి అంతకంటే మంచి పద్ధతి నేను చెప్పలేను. నాయనమ్మకు తెలిసినది ఒకటుంది, పుస్తకం చెప్పేది ఒకటుంది. పిల్లవాడి ఎదుట ఆ రెండూ మాట్లాడుకోవాలి.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకున్నది. నిజామియా వేధశాలగా అది అంతర్జాతీయ నక్షత్ర పట్టికలో పాల్గొని ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ వేధశాల ఉద్యోగి కొడుకు వైను బప్పు. తండ్రి పనిచేసే చోట దూరదర్శినిలో కన్ను పెట్టి పెరిగిన ఆ పిల్లవాడు 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నాడు, తరవాత అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి కాదు గాని, ఇక్కడ ఆగి ఒక మాట అడగాలి. అదే సంస్థానంలో, అదే కాలంలో, అదే ఆకాశం కింద గూడూరు అడవుల్లో పుట్టిన పిల్లలకు ఏమి దక్కింది? వాళ్ళకు బడి దక్కడమే గగనం. దక్కితే అక్కడ చదువు ఉర్దూలో. ఇంట్లో గోర్‌బోలీ మాట్లాడే తండా బిడ్డకు, కోయ మాట్లాడే గూడెం బిడ్డకు తెలుగే రెండో భాష, ఉర్దూ మూడోది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది ఆ లోటు తీర్చడానికే. తరవాతి కాలంలో వసంతరావు వెంకటరావు, మహీధర నళినీమోహన్ వంటివారు విజ్ఞానాన్ని పిల్లల తెలుగులోకి తెచ్చారు. జనవిజ్ఞాన వేదిక చెకుముకి పత్రికను బడుల దాకా చేర్చింది. వీళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం. అయినా పుస్తకం చేరినంత త్వరగా చూపు చేరలేదు. గ్రహాల పేర్లు వరసగా అప్పజెప్పే పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ సాయంత్రమే పడమట నిలబడి ఉన్న గ్రహాన్ని చూపి అదేమిటంటే విమానమనో, టవరు లైటనో అనేవాళ్ళూ వాళ్ళే.

అది పిల్లల తప్పు కాదు, ఉపాధ్యాయులదీ కాదు. మోట పోయి బోరు వచ్చింది. వేకువన లేపడానికి ఫోను వచ్చింది. శుక్రుడిని చూడవలసిన అవసరం ఒక తరంలోనే ఆగిపోయింది. అవసరం తీరిన జ్ఞానం ఇంట్లో దానంతట అది నిలవదు. దాన్ని నిలపవలసిన భారం ఇప్పుడు బడి మీద పడింది.

మరి బడి ఏం చెయ్యాలి? మొదటి రెండేళ్ళు ఏమీ నేర్పవద్దని నా మనవి. అంకెలు వద్దు, వ్యాసాలు వద్దు, పరీక్ష అసలే వద్దు. శుక్రుడు సాయంత్రపు చుక్కగా ఉన్న నెలల్లో, పొద్దుగూకాక ఇంటి ముందు నిలబడి చూసి, మరునాడు బడిలో ఒక్క మాట చెబితే చాలు. చింతచెట్టు మీద ఉన్నాడా, నీళ్ళ ట్యాంకు పక్కన ఉన్నాడా, కనబడలేదా? పిల్లలు తమ ఇంటి భాషలో చెప్పాలి. నాయనమ్మ దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో ఆ పేరుతోనే చెప్పాలి. తెల్లవారుజామున కనబడే నెలల్లో పిల్లలను బలవంతంగా లేపనక్కర లేదు. వరికోతలప్పుడు, ఏరు దాటి పనికి పోయేటప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరు ఎట్లాగూ చీకటితో లేస్తారు. వాళ్ళే ఆ పూట పిల్లకు చూపించే గురువులు.

మూడో తరగతికి వచ్చాక పిడికిలి చాలు. చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో అది సుమారు పది అంశలు. పిల్లల చెయ్యి చిన్నది, పిడికిలీ చిన్నదే. కనుక లెక్క తప్పదు. సూర్యుడు దిగిన చోటు నుంచి శుక్రుడికి ఎన్ని పిడికిళ్ళో వారానికొకసారి కొలవాలి. నెలలు గడిచేకొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు పెరిగి, ఐదో పిడికిలి నిండకుండానే వెనక్కి తిరుగుతాడు. గుంజకు కట్టేసిన దూడ తాడు సాగినంత మేరే మేసి వచ్చినట్టు, శుక్రుడు సూర్యుడిని వదిలి నలభై ఏడు అంశలు దాటి పోలేడు. అర్ధరాత్రి నడినెత్తిన శుక్రుడిని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎందుకు లేరు అని మూడో తరగతి పిల్ల అడిగే రోజు వస్తుంది. ఆ ప్రశ్న వచ్చేదాకా జవాబు చెప్పకూడదు. శుక్రుడి దారి మన దారికి లోపల, సూర్యుడికి దగ్గరగా ఉంది. అందుకే మనకు ఎప్పుడూ సూర్యుడి వైపే కనబడతాడు. ఆవరణలో ఒకర్ని సూర్యుడిగా నిలబెట్టి, ఒకరిని దగ్గరి గుండ్రంలో, ఒకరిని బయటి గుండ్రంలో తిప్పితే బయట తిరిగే బిడ్డకు అర్థమవుతుంది. అయితే ఆ ఆట నెలల తరబడి చూసిన తరవాత ఆడాలి. ముందే ఆడితే అది ఒట్టి ఆటగానే మిగిలిపోతుంది.

ఐదారు తరగతుల్లో బైనాక్యులరో, చిన్న దూరదర్శినో ఒక్కసారైనా దొరికితే, శుక్రుడు మనకు దగ్గరగా ఉన్న వారాల్లో మన చంద్రుడిలా నెలవంకగా కనబడతాడు. 1610లో గెలీలియో చూసినది అదే. భూమి చుట్టూ అన్నీ తిరుగుతున్నాయన్న నమ్మకాన్ని బలంగా కదిలించిన సాక్ష్యాల్లో ఆ నెలవంకలు ఒకటి. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. సూర్యుడు ఆకాశంలో ఉండగా పిల్లల చేతికి బైనాక్యులర్ ఇవ్వరాదు. క్షణంలో కన్ను పోతుంది. పొద్దుగూకాకే చూడాలి, తెల్లవారుజామున అయితే సూర్యోదయానికి ముందే ఆపాలి. వీలైతే ఒకసారి వరంగల్ ప్రతాపరుద్ర నక్షత్రశాలకు గాని, 1985 నుంచి నడుస్తున్న హైదరాబాదు బిర్లా నక్షత్రశాలకు గాని తీసుకుపోండి. తీసుకుపోలేకపోతే బాధపడకండి. నగరం పిల్లలకు లేని చీకటి రాత్రి గూడూరు పిల్లలకు ఉంది.

కథ సంగతి కూడా చెప్పాలి. బమ్మెర పోతన మనవాడు. జనగామ జిల్లా పాలకుర్తి దగ్గరి బమ్మెరను ఆయన ఊరుగా గౌరవించుకుంటున్నాం. ఆయన భాగవతంలోని వామన చరిత్ర ద్వారా శుక్రాచార్యుడు మన పిల్లలకు ఎప్పుడో తెలుసు. దానం చెయ్యవద్దని బలిచక్రవర్తిని వారించిన గురువు ఆయన. ఈ కథ చెప్పవద్దని కొందరు శాస్త్ర ప్రచారకులంటారు. నేను ఒప్పుకోను. ఇది మన పెద్దలు చెప్పుకున్న కథ, అది మన కళ్ళకు కనబడే గ్రహం అని వేరు చేసి చెబితే ఆరేళ్ళ బిడ్డ రెండింటినీ చక్కగా దాచుకోగలదు. రెండింటినీ కలగలిపి చెప్పడమే తప్పు.

ఏడు, ఎనిమిది తరగతుల్లో శుక్రుడి అసలు రూపం చెప్పాలి. పరిమాణంలో భూమికి దాదాపు కవల. అడ్డుకొలత 12,104 కిలోమీటర్లు, మన భూమిది 12,742. అక్కడ ఏడాది మన లెక్కలో 225 రోజులు. సూర్యుడు పడమట ఉదయిస్తాడు. ఒక ఉదయం నుంచి మరో ఉదయానికి 117 భూదినాలు. గాలిలో నూటికి తొంభై ఆరు పాళ్ళకు పైగా బొగ్గుపులుసు వాయువు, పైన గంధకామ్లపు మేఘాలు. నేల మీద వేడి 465 డిగ్రీల సెల్సియస్, సీసం కరిగిపోయేంత. గాలి ఒత్తిడి మన కంటే తొంభై రెట్లు. 1962లో అమెరికా మెరైనర్ 2 పక్కగా పోయి ఆ వేడిని పసిగట్టింది. 1970లో సోవియట్ వెనెరా 7 నేల మీద దిగి కబురు పంపింది. 1975లో వెనెరా 9 మొదటి ఛాయాచిత్రం పంపింది. 1982లో వెనెరా 13 ఆ కొలిమిలో 127 నిమిషాలు పనిచేసింది. సూర్యుడికి మరింత దగ్గరున్న బుధుడి కంటే శుక్రుడు ఎందుకు వేడెక్కాడు? లోపలికి వచ్చిన వేడిని ఆ దట్టమైన గాలి బయటికి పోనివ్వదు. ఎండాకాలం ఏటేటా పెరుగుతున్న ఈ ప్రాంతంలో, చెరువు ఎండితే ఏమవుతుందో తెలిసిన పిల్లలకు, గాలిలో ఏముందన్నది గ్రహం బతుకును తేలుస్తుందని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు. పసివాళ్ళకు మాత్రం ఇది చెప్పి భయపెట్టవద్దు. పన్నెండేళ్ళు దాటాక చెప్పాలి, పూర్తిగా చెప్పాలి.

శుక్రుడి మీది కొండలకూ మైదానాలకూ స్త్రీల పేర్లు, దేవతల పేర్లు పెట్టాలన్నది అంతర్జాతీయ నియమం. 1990 తరవాత మెజెలాన్ నౌక రాడారుతో ఆ మేఘాల కింది నేలను పటం గీసింది. ఉత్తరాన ఒక విశాలమైన పీఠభూమి పేరు లక్ష్మి. దక్షిణార్ధగోళంలో ఒక అగ్నిపర్వతం పేరు అమ్మవారు. సృష్టికి ముందే ఉన్న మూలపుటమ్మగా తెలుగువాళ్ళు చెప్పుకునే దేవత పేరు అది. ఆ పటాన్ని మన బడి గోడ మీద పెట్టి, ఆ చోటు చూపించి, మీ ఊళ్ళో పిలిచే పేరే అక్కడ ఉంది అని చెప్పే అదృష్టం గూడూరు ఉపాధ్యాయుడికి ఉంది.

2004 జూన్ 8న, మళ్ళీ 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచాడు. ఈ రెంటికీ మధ్య కూడా ఎనిమిదేళ్ళే. మళ్ళీ అట్లా నడిచేది 2117 డిసెంబరులో. మన బడుల్లో ఉన్న పిల్లలు దాన్ని చూడరు. వాళ్ళ మనవరాళ్ళు చూడవచ్చు.

భారత ప్రభుత్వం 2024 సెప్టెంబరు 18న శుక్రుడి కక్ష్యకు నౌకను పంపే పథకానికి 1,236 కోట్ల రూపాయలతో ఆమోదం ఇచ్చింది. 2028 మార్చిలో పంపాలన్నది లక్ష్యం. ఆ మార్చి సాయంత్రాల్లో శుక్రుడు పడమట ఎత్తుగా వెలుగుతుంటాడు. జూన్ మొదటి రోజుల్లో మనకూ సూర్యుడికీ నడుమ నుంచి దాటి, బడులు తెరిచే వేళకు తూర్పున వేగుచుక్కగా పొడుస్తాడు. ఆ జూన్‌లో ఒకటో తరగతిలో చేరే బిడ్డ 2036లో ఎనిమిదో తరగతి ముగించేసరికి శుక్రుడు మళ్ళీ అదే దాటు దగ్గర ఉంటాడు. మన దగ్గర రెండేళ్ళ వ్యవధి ఉంది.

నేను కోరేది ప్రతి బడిలో ఒక లావుపాటి రిజిస్టరు. ప్రతి బిడ్డకు అందులో ఒక పుట. తేదీ, పొద్దున్నా సాయంత్రమా, ఏ చెట్టు మీద, ఎన్ని పిడికిళ్ళు, అంతే. వానాకాలం నాలుగు నెలలు కూడా పుటలు ఖాళీగా మిగలకూడదు. మబ్బు కమ్మితే మబ్బు అని రాయాలి, చూడటం మరచిపోతే మరచిపోయాను అని రాయాలి. ఐదో తరగతి అయ్యాక బిడ్డ హైస్కూలుకో గురుకులానికో పోతే, టీసీతో పాటు ఆ పుట నకలు కూడా పోవాలి. మండలంలో ఒక ఉపాధ్యాయుడు ఏడాదికొకసారి అన్ని రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. తండాలో చూసినదీ గూడూరులో చూసినదీ ఒకటవుతున్నదా లేదా అని పిల్లలే సరిపోల్చుకోవాలి. రిజిస్టర్ల ఖర్చు పెద్దసారు స్మారక సంఘం భరిస్తుందని నిర్వాహకులు నాతో అన్నారు. మొదటి ఏడాది ఏయే బడులు ముందుకు వస్తాయో, ప్రధానోపాధ్యాయులు ఇక్కడే ఉన్నారు కనుక, సభ ముగిసేలోగా పేర్లు రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.